తొబి నోటి మాటలు

చిగుసా తన తమ్ముణ్ణి బొమ్మల కథలోకి కావాలని తీసుకురాలేదు. వారపత్రికలో ఆమె గీస్తున్న ‘ఉప్పుగాలి’ మాంగా అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. దొంగసరుకు మోసే ఒక పాత పడవ, దాన్ని నడిపే మొండి పిల్ల, ఆ పిల్లని సముద్రమంతా తరిమే నౌకాదళం, ఇదీ కథ. ఒక వారం ఆ పడవలో వంటకి ఎవడో ఒకడు కావాల్సి వచ్చాడు. గడువు నెత్తిమీద కూర్చుని ఉంది. ఆలోచించే తీరిక లేక చెయ్యి ఎటు పోతే అటు గీసుకుంటూ పోయింది. గీశాక చూసుకుంటే ముందుపళ్ళ మధ్య సందు, నవ్వితే పూర్తిగా మూసుకుపోయే ఎడమ కన్ను, ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగే మెడ. సోహే కాగితం మీంచి ఆమెనే చూస్తున్నాడు.

ఆ కుర్రాడికి తొబి అని పేరు పెట్టింది. తుపానులో పడవ తలకిందులవుతుంటే అందరూ దేవుళ్ళని తలుచుకుంటారు, వాడు మాత్రం “ముందు ఏదన్నా తిందాం” అంటాడు. అది సోహే మాటే. పరీక్ష పోయినా, నాన్న పోయినా వాడు అన్న మాట అదే.

సోహే పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. తుపాను దాటిపోయి ఎండ కాసిన రోజున, తమ ఊరు యాయిజులో రేవు చివర అలల్ని ఆపడానికి పేర్చిన సిమెంటు దిమ్మల మీద నిలబడి గాలం వేస్తుంటే సముద్రం లాక్కుపోయింది. వాడింకా హైస్కూలు దాటలేదు. చిగుసా అప్పుడు టోక్యోలో ఒక పేరున్న చిత్రకారుడి దగ్గర చేరి, ఆయన బొమ్మల వెనక ఇళ్ళూ మబ్బులూ గీస్తుండేది. కబురంది, రైలెక్కి ఇంటికి చేరేసరికి తమ్ముణ్ణి పెట్టెలో పెట్టి మూత వేసేశారు. మొహం చూడొద్దన్నారు మేనమామలు. ఆమె చూడలేదు.

తల్లి ఫుమియే ఆ తర్వాత వాడి పేరెత్తలేదు. రేవులో చేపలు చీరి ఎండబెట్టే షెడ్డుకి యథాప్రకారం వెళ్ళింది, వచ్చింది. గోడవారన పోయినవాళ్ళ కోసం ఉంచిన పీఠం మీద భర్త ఫొటో పక్కనే కొడుకు ఫొటో పెట్టి, పొద్దున్నే పొయ్యి మీంచి దించిన అన్నంలో మొదటి గిన్నె అక్కడ పెట్టేది. మాటలు మాత్రం లేవు. చిగుసా ఎప్పుడైనా ఫోన్ చేస్తే వర్షం గురించి, చేపల గురించి మాట్లాడి పెట్టేసేది. కూతురు గీసే బొమ్మలు ఒక్కటీ చూసి ఎరగదు.

తొబిని కొద్ది వారాల్లో ఏదో రేవులో దింపేద్దామనుకుంది చిగుసా. ఆ మాట, తనని గురువుగారూ అన్నట్టు ‘సెన్సే’ అని పిలిచే పత్రిక సంపాదకుడు కురమోచితో అంటే అతను తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశాడు.

“సెన్సే, దించకండి. మీకు దణ్ణం పెడతాను.”

“వంటకుర్రాడండీ. వాడికి కథే లేదు.”

“కథ లేకపోయినా పాఠకులు వాడికే ఓటేస్తున్నారు. కెప్టెన్ పిల్లని దాటేశాడు. వాడు ఏం తిన్నాడో, ఎందుకు నవ్వాడో ఉత్తరాలు రాస్తున్నారు. మీరు ఊరికే ఉండండి, వాడే మిమ్మల్ని మోస్తాడు.”

అన్నట్టే మోశాడు. తొబి కోసం పత్రిక కొనేవాళ్ళు తయారయ్యారు. టీవీలో వచ్చాడు. స్టేషన్ల ముందు మీట తిప్పితే గుండ్రటి డబ్బాలో పడే బొమ్మల్లో వచ్చాడు. చివరికి ఫోన్లో ఆడుకునే ఆట వచ్చింది. ఆ ఆటలో తొబికి గొంతిచ్చినవాడి గొంతు సోహే గొంతు కానే కాదు, కాస్త ముద్దగా, మెత్తగా ఉంటుంది. కానీ ఆట తెరిచిన ప్రతిసారీ వాడు “వచ్చేశా, తినడానికేముంది?” అంటాడు. అదీ చిగుసా రాసిచ్చిందే. బడి నుంచి వచ్చి చెప్పులు విసిరేస్తూ సోహే అనే మాట.

యాయిజులో ఫుమియే జుట్టుకి రంగు వేసే మత్సునో అనే పిల్లకి ఈ ఆట పిచ్చి. రంగు ఆరేదాకా కూర్చోబెట్టి తన ఫోన్ తెరిచింది. అద్దం ముందు కూర్చున్న ఫుమియే చెవిన ఆ మాట పడింది.

“ఎవరది?”

“మా తొబి, పిన్నిగారూ. చూడండి ఎంత ముద్దుగా ఉంటాడో.”

ఫుమియే చూసింది. తలకి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని ఉన్నదల్లా అలాగే ఇంటికి నడిచి వెళ్ళి కూతురికి ఫోన్ చేసింది. తనంతట తాను ఫోన్ చెయ్యడం అదే మొదలు.

“ఏమే, ఆ పడవలో వంటోడు, నువ్వు గీసినవాడేనా?”

చిగుసా గీస్తున్న బ్రష్షు పక్కన పెట్టింది. తిడుతుందనే అనుకుంది. “అవునమ్మా” అంది ఎట్టకేలకి.

అవతల తల్లి గొంతు సవరించుకుని అంది. “పళ్ళ సందు కాస్త కుడికి జరిపావు. వాడికి సరిగ్గా నడిమధ్యన కదే.”

ఆ వారం నుంచి పత్రిక వచ్చిన ప్రతి సోమవారం ఫుమియే ఫోన్ చేసేది. కథతో ఆమెకి పని లేదు. నౌకాదళం ఏమైనా కానీ, తొబి ఏం చేశాడు అనేదే ఆవిడకి కావాలి. “కమలాపండు వాడలా ఒలవడే, పళ్ళతో కొరికి తొక్క ఉమ్మేస్తాడు.” “నిద్రలో లేపితే వాడికి కోపం రాదు, ఏడుపొస్తుంది.” చిగుసా వింటూ గీసుకునేది. ఇన్నేళ్ళూ తల్లి మూటగట్టి దాచుకున్నదంతా వారం వారం విప్పి తన ముందు పోస్తోంది. టోక్యోలో ఆ చిన్న గదిలో, బల్ల ముందు కూర్చుని, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఆమె అంత సంతోషంగా ఎప్పుడూ పని చెయ్యలేదు.

ఒకసారి ఫుమియే ఒక సంగతి చెప్పింది. చిన్నప్పుడు ఉరుములంటే సోహేకి భయం. తల్లి చెవితమ్మె రెండు వేళ్ళతో పట్టుకుంటేనే నిద్రపోయేవాడు. “ఎవరికీ చెప్పకు, పెద్దయ్యాక కూడా ఒకట్రెండు సార్లు పట్టుకున్నాడు” అని నవ్వింది. తల్లి నవ్వు వినడం చిగుసాకి వింతగా ఉంది. ఆ నవ్వు మీదే ఒక అధ్యాయం గీసింది. పడవ మీద పిడుగులు పడుతుంటే తొబి, జబ్బుతో పడుకున్న ముసలి నావికురాలి చెవి పట్టుకుని నిద్రపోతాడు. ఆ అధ్యాయం చదివి దేశంలో సగం మంది ఏడ్చారని కురమోచి చెప్పాడు.

ఆట తయారుచేసేవాళ్ళూ చదివారు. మర్నెల ఆటలో కొత్త సదుపాయం వచ్చింది. తెర మీద తొబి చెవి తాకితే వాడు కళ్ళు మూసుకుని, “ఇంకాసేపు అలాగే” అంటాడు. ఆ వెంటే దిండుగలీబులు వచ్చాయి. చొక్కా గుండీలు విప్పుకుని పడుకున్న తొబి, చెవి దగ్గర మాత్రం మెత్తటి గుడ్డ వేరేగా కుట్టారు.

“వాడు పట్టుకునేది నా చెవే” అంది ఫుమియే ఆ సోమవారం. “వీళ్ళేంటి, వాడి చెవి పట్టుకుంటున్నారు? ఊరు ఊరంతా పట్టుకుంటోంది.”

“నేను చెప్తానమ్మా వాళ్ళకి.”

చెప్పింది. ఆట తయారుచేసే సంస్థలో ఈ వ్యవహారాలు చూసే నెజు అనే అతను ఎంతో మర్యాదగా విన్నాడు. జనం దాన్ని బాగా ఆదరిస్తున్నారని, తీసేస్తే బాధపడతారని అన్నాడు. దిండుగలీబులు ఆగలేదు. పైగా ఆ శీతాకాలం కురమోచి ఇంకో కబురు మోసుకొచ్చాడు. ఉక్కుగోళీలు గలగలా రాలే పచింకో జూదపు యంత్రం మీదికి ‘ఉప్పుగాలి’ని ఎక్కిస్తారట. గెలుపు తగిలినప్పుడు తొబి తెరంతా పరుచుకుని “ముందు ఏదన్నా తిందాం” అని అరుస్తాడట.

నాన్న నెల జీతం తీసుకెళ్ళి పోసింది అలాంటి యంత్రాల్లోనే. చిగుసా లేచి వచ్చేసింది. వచ్చి బల్ల ముందు కూర్చుంది. తొబిని చంపెయ్యాలని అప్పుడే అనుకుంది.

కోపం ఒక్కటే కాదు. వాడిప్పుడు సోహేలా లేడు. జనం చేతుల్లో అరిగి అరిగి, గుండ్రబడి, ఎవడో అందగాడైపోయాడు. వాణ్ణి తీసుకెళ్ళి తిరిగి సోహే ఉన్నచోట పెట్టెయ్యాలనిపించింది. తుపాను వెలిసిన తెల్లారి, ప్రశాంతంగా ఉన్న సముద్రంలోంచి ఒక్క అల లేస్తుంది. తొబి పడవ అంచున నిలబడి చేపలు కడుగుతుంటాడు. అంతే. ఆ అలని ఎన్నిసార్లు చెరిపి గీసిందో. చివరి పేజీలో మొహం గీసింది. తనని చూడొద్దన్న మొహం. కళ్ళు మూసుకుని, నుదుటి మీద తడిజుట్టుతో, నిద్రపోతున్నట్టున్న మొహం. గీసి, బ్రష్షు కడిగి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఇన్నేళ్ళకి తమ్ముణ్ణి సాగనంపినట్టనిపించింది.

కురమోచి ఆ పేజీలు ఒక్కొక్కటే తిరగేసి చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, “ఇది ముఖచిత్రం మీద ముందే చెప్పకూడదు” అన్నాడు. ఇంకాసేపటికి, “వీడ్కోలు సభ పెట్టొచ్చు” అన్నాడు.

తల్లికి ముందుగా చెప్పాలని చిగుసాకి తోచలేదని కాదు. చెప్తే వద్దంటుందని తెలుసు. ఆ అధ్యాయం వచ్చిన సోమవారం యాయిజు నుంచి ఫోన్ రాలేదు. తను చేస్తే తీయలేదు.

సభని టోక్యోలోనే ఇకెబుకురో అనే పేటలో ఒక హాల్లో పెట్టారు. తెల్లచామంతుల గుట్ట మధ్య మనిషెత్తు తొబి బొమ్మ. హాలు బయట వంటవాళ్ళ ఏప్రన్లు కట్టుకున్న అమ్మాయిల వరస వీధి మలుపు దాకా ఉంది. వాళ్ళలో చాలామంది నిజంగానే ఏడుస్తున్నారు. పక్కనే బల్లల మీద నల్లటి అంచుతో తొబి తాళంచెవి గొలుసులు, ఆ ఒక్కరోజే దొరుకుతాయని బోర్డు. చిగుసా పైనున్న అద్దాల గదిలో కూర్చుని కిందికి చూస్తోంది. వరసలో ఒకచోట ఆమె చూపు ఆగిపోయింది.

ఫుమియే నిలబడి ఉంది. సోహే అంత్యక్రియల నాడు కట్టిన నల్లటి కిమోనో కట్టింది. చేతిలో జపమాల ఉంది. వరసని సర్దుతున్న ఒక పిల్ల ఆవిణ్ణి చూసి ముచ్చటపడిపోయింది.

“బామ్మగారూ, వేషం ఎంత బాగా కుదిరిందండీ మీకు. తొబి వాళ్ళమ్మలా ఉన్నారు. ఒక ఫొటో తీసుకోనా?”

ఫుమియే ఆ పిల్ల వంక ఒక్క నిమిషం చూసి, “తీసుకో” అంది.

చిగుసా మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఫొటో అయిపోయింది.

“అమ్మా, రా. పైకి వెళ్దాం.”

“వరస తప్పితే మళ్ళీ వెనక్కి పోవాలటగా.”

“ఈ వరస మనకెందుకమ్మా?”

“నీకెందుకులే. చంపినదానివి నువ్వు.” గొంతు పెంచలేదు ఫుమియే. చేపల ధర చెప్తున్నట్టే చెప్పింది.

“అది కథమ్మా.”

“కథే. కథ కాబట్టే అడుగుతున్నా. నీ చేతిలో పనే కదే. ముసలాణ్ణి చెయ్యకపోయావా? పెళ్ళి చెయ్యకపోయావా? ఎక్కడో ఓ రేవులో కూడు వండి అమ్ముకుంటున్నాడని రాసి వదిలెయ్యకపోయావా? సముద్రానికైతే తెలీదు. నీకేమొచ్చిందే?”

“నాకు వాడి మొహం చూపించలేదమ్మా ఎవరూ. అందుకే గీసుకున్నాను.”

“నేను చూశాను.” ఫుమియే వరసతోపాటు ఒక అడుగు ముందుకి జరిగింది. “నువ్వు గీసినట్టు లేదు. అంత బావులేదు.”

ఫుమియే వంతు రాగానే చామంతి పువ్వు బొమ్మ ముందు పెట్టి, చేతులు జోడించి, వెనక్కి తిరిగి చూడకుండా స్టేషన్ దారి పట్టింది.

వేసవి వచ్చింది. నెజు సమావేశానికి పిలిచాడు. బల్ల మీద రంగుల కాగితాలు పరిచాడు. ఈత దుస్తుల్లో తొబి, పెద్ద అల మీద పలక వేసుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ జారుతున్నాడు.

“మరో లోకపు తొబి, సెన్సే. అక్కడ వాడు చనిపోలేదు. అభిమానులు చాలా కుంగిపోయారు కదా, వాళ్ళకి ఊరటగా.”

“వాణ్ణి అల మింగింది” అంది చిగుసా.

“అందుకే అండి. ఈసారి అలని వాడే గెలుస్తాడు.”

వద్దంది. కుదరదంది. మళ్ళీ మళ్ళీ చెప్పింది. నెజు ప్రతి మాటకీ తల వంచాడు, ఏ మాటా ఒప్పుకోలేదు. బయటికి వచ్చాక కూల్‌డ్రింకుల యంత్రం పక్కన నిలబడి కురమోచి నేల చూస్తూ అన్నాడు. “ఒప్పందం అలా ఉంది, సెన్సే. పత్రికలో వాణ్ణి మీరు చంపుకోవచ్చు. ఆటలో చంపే హక్కు మీకు లేదు.”

“అయితే ఆ ఆట మీద నా పర్యవేక్షణ అని పేరు వెయ్యొద్దు.”

వెయ్యలేదు. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆగస్టులో బోన్ పండక్కి చిగుసా చెప్పకుండా యాయిజు వెళ్ళింది. పోయినవాళ్ళు ఇళ్ళకి తిరిగొచ్చే రోజులు. వీధిలో అన్ని గుమ్మాల ముందూ వాళ్ళకి దారి చూపే చిన్న మంటలు వెలుగుతున్నాయి. తన ఇంటి ముందు మాత్రం బూడిద కూడా లేదు. తలుపు జరిపి, చెప్పులు విడుస్తూ, “వచ్చేశానమ్మా” అంది.

“వచ్చావా నాన్నా, రా, అన్నం వడ్డించాను” అంది లోపలి నుంచి తల్లి, ఎంతో ప్రేమగా.

ఆ పిలుపు తనకే అనుకుంది చిగుసా. గబగబా లోపలికి వెళ్ళింది. ఫుమియే భోజనాల బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా సోయా సీసాకి ఆనించి ఫోన్ నిలబెట్టి ఉంది. అందులో తొబి ఈత దుస్తుల్లో నవ్వుతున్నాడు. ఫోన్ ముందు వేడి అన్నం గిన్నె, కాల్చిన ఎండుచేప, చాప్‌స్టిక్స్ పెట్టి ఉన్నాయి. గోడవారన పీఠం మీద గిన్నె బోర్లించి ఉంది.

“నువ్వా” అంది ఫుమియే తలెత్తి.

“అమ్మా, గుమ్మంలో మంట వెయ్యలేదేం?”

“వాడు ఇంట్లోనే ఉంటే ఎవణ్ణి పిలవను? మీ నాన్ననా?”

“అన్నం పీఠం మీద పెట్టడం మానేశావు.”

“అది చచ్చినవాళ్ళకి పెట్టేది.” ఫుమియే చేపలో ముల్లు తీసి గిన్నె అంచున పెట్టింది. “ఆ కంపెనీవాళ్ళు నయమే. ఏ సంబంధం లేనివాళ్ళు, పాపం, బతికించారు. చొక్కా లేకుండా తిప్పుతున్నారు, జలుబు చేస్తుందని నా బాధ. అన్నం తింటావా, తినేసొచ్చావా?”

తినేసి వచ్చానంది చిగుసా. పీఠం ముందు తనే అగరొత్తి వెలిగించి, కాసేపు కూర్చుని, సాయంత్రం రైలుకి తిరిగి వచ్చేసింది.

వచ్చాక చాలా రోజులు ఆలోచించింది. తల్లి తన ఫోన్ తీయదు. తను గీసేది చదవదు. ఆవిడ వినేది ఒక్కడి మాట. సిగ్గు చంపుకుని నెజుకి ఫోన్ చేసి, తొబి మాటలు ఇక మీదట తను చూస్తానని, కావాలంటే కొన్ని రాసిస్తానని అంది. నెజు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఈత దుస్తుల గురించి ఆమె ఏమీ అనలేదు, చొక్కా ఒకటి వెయ్యమని మాత్రం అడిగింది. శరదృతువులో కొత్త మాటలు వచ్చాయి. వాటిలో ఒకటి చిగుసా వారాల తరబడి తిరగరాసింది. తొబి అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అంటాడు: “మా అక్క దూరాన ఉంది. అమ్మ దాంతో మాట్లాడ్డం లేదు. నాకు ముద్ద దిగడం లేదు.”

అది వచ్చిన కొన్నాళ్ళకి ఒక సోమవారం ఫోన్ మోగింది. తెర మీద తల్లి పేరు చూసి చిగుసా గభాల్న తీసింది.

“ఏమే, ఆ కంపెనీలో నీకు తెలిసినవాళ్ళున్నారా?”

“ఉన్నారమ్మా. ఏం?”

“వాడి చేత ఎవరో ఏదేదో మాట్లాడిస్తున్నారు. అక్కంట, ముద్ద దిగట్లేదంట.”

“వాడు అనడా అమ్మా ఆ మాట?”

“ఎందుకంటాడు? ముద్ద దిగకపోవడం వాడి ఒంట్లో ఉందా అసలు? పైగా నువ్వు టోక్యో పోయాక వాడు నీ పేరెత్తితే ఒట్టు. అంత కోపం వాడికి. నీ బట్టలు మసిగుడ్డలకి చింపుకోమన్నాడు నన్ను.”

ఈ సంగతి చిగుసాకి ఇంతవరకూ తెలియదు. తల్లి కూడా ఏదో కొత్తగా చెప్తున్నట్టు చెప్పలేదు.

“వాళ్ళతో చెప్పి ఆ మాట తీయించెయ్. అది వచ్చినప్పుడల్లా నేను బొటనవేలితో దాటించేస్తున్నా. మధ్యలో పరాయివాళ్ళు దూరినట్టుంది.”

“చెప్తానమ్మా.”

“ఊఁ. ఉంటా మరి, అన్నం చల్లారిపోతోంది” అని ఫుమియే పెట్టేసింది.

చిగుసా నెజుకి చెప్పింది. అతను నొచ్చుకున్నాడు. ఆ ఏడు వచ్చిన మాటలన్నిటిలోకీ అభిమానులు మొదటిస్థానం ఇచ్చింది దానికేనట. అది విని ఇంటికి ఫోన్ చేశామని, అక్కతో మాట కలిపామని ఎందరో రాశారట. ఎలా తీసేస్తాం చెప్పండి అన్నాడు. టీ కప్పుల మీద ఆ మాట అచ్చువేసి, నమూనా ఒకటి ఆమె ఆమోదానికి పంపాడు.

చిగుసా కప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తొబి మొహం బాగానే వచ్చింది. అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయని, కాస్త పెద్దవి చెయ్యమని రాసి, కింద సంతకం పెట్టి పంపేసింది.